పిల్లి కోసం పెట్టిన కంత

కొర్రకుంట ఊరి చివర, రాళ్లగుట్టను ఆనుకుని ఒక పశువుల దొడ్డి ఉండేది. చుట్టూ దళసరి తుమ్మకంప కంచె, ముందు వెదురు తడిక, లోపల రేకుల చావిడి. దొడ్డి రైతుదే అయినా పెత్తనం మాత్రం బొల్లక్క అనే మేకది. నల్లటి ఒంటి మీద తెల్లమచ్చలుండటం వల్ల ఆమెకా పేరు. పెత్తనం ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. పొద్దు గూకాక తడిక సరిగ్గా పడిందో లేదో కొమ్ములతో నెట్టి చూసేది ఆమే. కుడితి తొట్టి దగ్గర తోపులాట వస్తే మధ్యలో దూరి తీర్పు చెప్పేదీ ఆమే.

ఆ దొడ్డిలో ఇంకో ఇద్దరి మాట కూడా చెల్లేది. ఒకడు పుల్లన్న. బండి లాగి లాగి మెడ కాయలు కాచిన ముసలి ఎద్దు. కాడి దించేశారు కాబట్టి పగలంతా చావిట్లో పడుకుని నెమరేస్తూ ఉండేవాడు. రెండోది కొప్పులమ్మ, నెత్తిన జుట్టున్న కోడిపెట్ట. కొత్తగా పిల్లల్ని లేపింది. పిల్లల కోడికి లోకమంతా గద్దలే కనిపిస్తాయి. ఎవరు దగ్గరికొచ్చినా రెక్కలు విప్పి మీదికి పోయేది.

ఆ ఏడు శనగ కోతల ముందు, బొల్లక్క కన్న పిల్లను రైతు తన అల్లుడి ఊరికి పంపేశాడు. మేకలకు ఇది కొత్త కాదు. పుట్టిన పిల్ల ఏదో ఒకరోజు ఎటో పోతుంది, తల్లి రెండు రోజులు అరుస్తుంది, మూడో రోజు మేతకు పోతుంది. బొల్లక్క కూడా అలాగే పోయింది. కానీ పొదుగు ఇంకా ఆరలేదు. పడుకుంటే పక్కన వెచ్చగా ఒరుసుకునే ఒళ్లు లేదు. ఇంతమంది ఉన్న దొడ్డి ఆమెకు బోసిగా అనిపించేది.

అలాంటి రోజుల్లోనే గానుగ పాక దగ్గర పిల్లికూన కనపడింది.

బొల్లక్క మేతకు పోయే ఊరి మంద మధ్యాహ్నం పూట ఆ పాక నీడన ఆగేది. బొల్లక్క కళ్లు మూసుకుని నెమరేస్తుంటే గడ్డానికి ఏదో వేలాడినట్టయింది. చూస్తే తెలుపూ పసుపూ కలిసిన కూన. ముందు కాళ్లతో గడ్డం పట్టుకుని ఊగుతోంది. బొల్లక్క తల విదిలిస్తే కింద పడింది. లేచి మళ్లీ వచ్చి వేలాడింది. మూడోసారి బొల్లక్క తల విదిలించలేదు.

ఆ సాయంత్రం దొడ్డిలో అందరూ సర్దుకున్నాక చెప్పింది.

"నేనొక పిల్లిని సాకుదామనుకుంటున్నా."

కొప్పులమ్మ గంప కిందికి పోబోతున్నదల్లా వెనక్కి తిరిగింది. "ఏంటీ? ఇంకోసారి చెప్పు."

"పిల్లి. చిన్నది. గానుగ పాకలో ఉంది."

"నా పిల్లలు ఆరబోసిన గింజల్లా నేలంతా తిరుగుతుంటే పిల్లిని తెస్తావా వదినా? ఆ చేత్తోనే నక్కను కూడా పిలిచి పీట వెయ్యి!"

"చిన్నప్పటి నుంచీ మన మధ్యే పెరిగితే మనలాగే ఉంటుంది కొప్పులమ్మా. పైగా ఎలుకలు చూడు, తవుడు బస్తా అడుగంతా కొరికేశాయి."

"తవుడు పోతే తవుడొస్తుంది. పిల్ల పోతే?"

పుల్లన్న నెమరు ఆపాడు. ఆయన నెమరు ఆపాడంటే మాట్లాడబోతున్నాడని అందరికీ తెలుసు. "చెల్లీ, పిల్లి ముద్దొచ్చిందా, పనికొస్తుందనుకుంటున్నావా?"

"రెండూ అన్నా."

"రెండూ అన్నావంటే మొదటిదే."

బొల్లక్క నేల మీది గడ్డిపరకను నోట పట్టుకుంది.

"ముద్దు తప్పని అనట్లేదు," అన్నాడు పుల్లన్న. "దాన్ని చూసేది ఎప్పుడు, పెట్టేది ఏంటి, నువ్వు లేనప్పుడు ఎవరు, ఇవి ఆలోచించావా అని అడుగుతున్నా."

"ఆలోచిస్తున్నా. బంగారి అని పేరు పెడదామనుకుంటున్నా."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట!" అని కొప్పులమ్మ గంప కిందికి పోయింది.

కంచె అవతల ఇదంతా వింటున్నవాడు ఒకడున్నాడు. గుట్ట మీది నక్క, ఓబులయ్య. ఆ కంచె చుట్టూ తిరగని రోజు అతనికి లేదు. కంప దళసరిగా ఉంది, తడిక గట్టిగా ఉంది, రైతు కుక్క ఇంకా గట్టిగా ఉంది. ఇన్నాళ్లూ చేసిన ప్రయత్నాలకు మిగిలింది ముక్కు మీద గీతలే. ఆ రోజు మాత్రం అతను తోక ఊపుకుంటూ గుట్టెక్కాడు.

మర్నాడు పొద్దు వాలే వేళకు మంద ఊళ్లోకి తిరిగొచ్చింది. రైతూ, ఇంటివాళ్లూ, కుక్కా ఇంకా శనగ చేలోనే ఉన్నారు. బొల్లక్క కంచె వార ముళ్ల మధ్య చిగుళ్లు ఏరుకుంటుంటే అవతల నుంచి గొంతు వినపడింది.

"అక్కా, బాగున్నావా?"

బొల్లక్క కొమ్ములు వంచింది. "ఓబులయ్యా, నీకిక్కడేం పని?"

"పనేం లేదక్కా. దారిన పోతూ పలకరించాను. పిల్లను పంపేశారట కదా. విని మనసు పాడైంది. తల్లి కడుపు ఎంత తరుక్కుపోతుందో ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట ఇప్పటిదాకా దొడ్డిలో ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అనలేదు. బొల్లక్క కొమ్ములు కొంచెం లేచాయి.

"ఏదైనా సాకరాదూ?" అన్నాడు ఓబులయ్య. "ఓ పిల్లినో, ఏదో."

"అదే అనుకుంటున్నా. మా వాళ్లే వద్దంటున్నారు. తిండెవరు పెడతారు, ఎవరు చూస్తారు అని."

"పిల్లికా!" ఓబులయ్య నవ్వాడు. "పిల్లిని ఒకరు చూడటమేంటక్కా? దానికి పెట్టేదేముంది, చేసేదేముంది? ఎలుకలే అన్నం, ఎండే దుప్పటి. వాకిట్లో ఉంటే చాలు, అదే పెరుగుతుంది. లోకంలో పిల్లిని సాకినంత సులువు పని లేదు. ఒక్కటే కావాలి దానికి."

"ఏంటది?"

"దారి. నాలుగు పక్కలా మూసిన చోట పిల్లి నిలవదు. వచ్చేందుకూ పోయేందుకూ కంచెలో కంత ఉండాలి. అదుంటే నువ్వు తెచ్చుకోనక్కర్లేదు, అదే వచ్చి నీ ఒడిలో పడుకుంటుంది."

బొల్లక్కకు ఈ మాట నచ్చింది. ముందు రోజు సాయంత్రం అందరూ కష్టాలు చెప్పారు. ఇతనొక్కడే దారి చెప్పాడు.

"ఎంత కంత పెట్టాలి?"

ఓబులయ్య కంచెకు దగ్గరగా వచ్చి పక్కకు తిరిగి నిలబడ్డాడు. "ఇదిగో, ఇంచుమించు ఇంత."

"కూన చిన్నదయ్యా, నా గడ్డమంత లేదు."

"ఇవాళ చిన్నదే. రేపు పెరగదా? పెరిగినప్పుడల్లా కంప పీకుతూ కూర్చుంటావా? చేసేది ఒకేసారి చెయ్యి. ఇంకోమాట. పిల్లికి సిగ్గెక్కువ. నలుగురు చూసే చోట కంత పెడితే మొహమాటపడి రాదు. ఆ మూలన పెట్టు, గంప వెనక. అటు ఎవరూ తొంగిచూడరు."

వెళ్తూ వెళ్తూ అన్నాడు. "మీ అన్నకు చెప్పకు. పెద్దవాళ్లు ఊరికే కంగారుపడతారు."

బొల్లక్క అప్పటికప్పుడే పని మొదలుపెట్టింది. కొమ్ములతో కంప కదిలించి, పళ్లతో పట్టి లాగింది. ముళ్లు పెదవికి గుచ్చుకున్నా లెక్క చెయ్యలేదు. ఈ దారినే బంగారి వస్తుంది, పోతుంది అనుకుంటే నొప్పి తెలియలేదు. సగం పనయ్యేసరికి వెనక నుంచి నీడ పడింది. పుల్లన్న.

"ఏం చేస్తున్నావు చెల్లీ?"

"పిల్లికి కంత."

"పిల్లి ఏది?"

"వస్తుంది."

"ఎవరు చెప్పారు?"

అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. "ఓబులయ్య."

పుల్లన్న కంతనూ, పీకిన కంపనూ చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఆ సామెతలోకి మేకలు కూడా ఎప్పుడు చేరాయో నాకు తెలీదు."

"అందరికంటే నా బాధ అతనికే అర్థమైంది!" అంది బొల్లక్క గొంతు పెంచి. "నువ్వు ప్రశ్నలడిగావు. కొప్పులమ్మ ఎగతాళి చేసింది. అతను పిల్ల పోయిందని అడిగాడు."

ఎద్దు తల దించుకున్నాడు. "అది మా తప్పే. అడగాల్సింది." మళ్లీ ఎత్తి అన్నాడు, "కానీ చెల్లీ, నక్కకు పిల్లి గురించి ఏం తెలుసు? పిల్లి గురించి అడగాలంటే కన్నదాన్నే అడుగు. ఆ తల్లి సరేనంటే ఈ కంత నేనే కొమ్ములతో పెద్దది చేస్తా. అంతవరకు ఆ కంప మళ్లీ పెట్టెయ్."

బొల్లక్క విసుగ్గానే పీకిన కంపను నోటితో లాగి కంతలో కుక్కింది.

మర్నాడు మంద గానుగ పాక దగ్గర ఆగగానే ఆమె వెనక వైపుకు పోయింది. అక్కడ గోనెపట్టా మీద మూడు రంగుల ముసలి పిల్లి పడుకుని ఉంది. పేరు సుంకులమ్మ. ఆ పాకలో ఆమె ఎన్ని ఈతలు ఈనిందో గానుగవాళ్లకే గుర్తులేదు. కూనలు చుట్టూ పొర్లాడుతున్నాయి. పసుపు కూన బొల్లక్కను చూడగానే గడ్డం మీదికి దూకింది.

"సుంకులమ్మా, నీ కూనల్లో ఒకదాన్ని నాకిస్తావా? సాకుతాను."

సుంకులమ్మ ముందు కాలు నాకుతూ ఉంది. అయ్యేదాకా జవాబు చెప్పలేదు. అయ్యాక రెండో కాలు మొదలుపెట్టింది. బొల్లక్క నిలబడే ఉంది.

"ఎందుకు?" అంది చివరికి.

"తోడుకు."

"తోడంటే? పిలిస్తే రావాలా?"

"పిలిస్తే రావాలి కదా మరి."

"మా జాతిలో పిలిస్తే వచ్చేవాళ్లు పుట్టలేదు వదినా. వినపడక కాదు, వింటాం. చెవి కూడా తిప్పుతాం. రావాలనిపిస్తే వస్తాం. నువ్వు ఏడ్చిన రోజు రాకపోవచ్చు, నువ్వు పనిలో ఉన్నప్పుడు వచ్చి కాళ్లకు అడ్డం పడొచ్చు. అప్పుడేం చేస్తావు?"

"ఊరుకుంటా."

"కొమ్ము విసురుతావు," అంది సుంకులమ్మ మామూలుగా. "మొదటిసారి అందరూ విసురుతారు. రెండోసారి విసురుతావా లేదా అన్నదే సంగతి. సరే, తిండి?"

"నా పాలున్నాయి. ఇంకా ఆరలేదు."

ముసలి పిల్లి మొదటిసారి కళ్లెత్తి ఆమె వైపు చూసింది. గొంతు కొంచెం తగ్గించింది. "నీ పాలు నీ పిల్ల కోసం వచ్చాయి. ఇదెవరూ నీకు చెప్పి ఉండరు. నా కూనకు నీ పాలు పడతాయో లేదో, పడినా కొన్నాళ్లే. తర్వాత దానికి కావలసింది మాంసం. నువ్వు ఆకు తినేదానివి. అది ఎలుకను పట్టి, సగం చంపి, తెచ్చి నీ మేత మీద పెడుతుంది. మా ప్రేమ అలాగే ఉంటుంది. మొహం తిప్పుకుంటావా?"

"అలవాటు చేసుకుంటా."

"దొడ్డిలో కోడిపిల్లలున్నాయా?"

"ఉన్నాయి. వాటి జోలికి పోకుండా నేర్పుతా."

"ఎప్పుడు నేర్పుతావు? పొద్దున్నే మేతకొస్తావు, పొద్దు వాలాక పోతావు. పగలంతా కూన ముందు కోడిపిల్లలే, ఆపడానికి నువ్వుండవు."

బొల్లక్క దొడ్డి ఉన్న వైపు తిరిగి చూసింది.

"ఎండాకాలం మంద ఎటు పోతుంది?"

"కొండ మీదికి. వానలొచ్చేదాకా."

"ఆ మూడు నెలలూ నా బిడ్డ ఎవరి మొహం చూడాలి?"

పసుపు కూన ఇంకా గడ్డానికి వేలాడుతూనే ఉంది. ఆ బరువు ఇప్పుడు బొల్లక్కకు మొన్నటి కంటే ఎక్కువగా తెలిసింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది, "కంత మాత్రం సగం సిద్ధం చేశా. వచ్చేందుకూ పోయేందుకూ."

"ఎంత కంత?"

బొల్లక్క పక్కకు జరిగి, నేల మీద కొమ్ముతో గీసి చూపించింది. సుంకులమ్మ నాకడం ఆపేసింది.

"ఇదిగో, నా మీసాలు చూడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఎంతుందో, మాకు అంత కంత చాలు. పిల్లి ఎంత పెద్దదైనా అంతే. మీసం తగిలితే మేము తలే పెట్టం. నువ్వు గీసిన దాంట్లోంచి మేమే కాదు, ఇంకెవరైనా దూరగలరు. కొలత ఎవరిచ్చారు?"

"ఓబులయ్య. పక్కకు తిరిగి నిలబడి చూపించాడు..."

చెప్తూ చెప్తూనే బొల్లక్క నోరు ఆగిపోయింది. గంప వెనక మూల. ఎవరూ తొంగిచూడని చోటు. మీ అన్నకు చెప్పకు. కంతలో తాను విసుగ్గా కుక్కి వచ్చిన కంప ఎంత వదులుగా ఉందో గుర్తొచ్చింది. దొడ్డిలో ఇప్పుడు కొప్పులమ్మా, పిల్లలూ, చావిట్లో పడుకున్న ముసలి ఎద్దూ తప్ప ఎవరూ లేరు. కుక్క చేలో ఉంది.

"తన ఒంటి కొలతే ఇచ్చాడన్నమాట," అంది సుంకులమ్మ.

బొల్లక్క అప్పటికే పరిగెత్తుతోంది. మందలోంచి మేక విడిపోతే కాపరి అరిచాడు, రాయి విసిరాడు. ఆమె ఆగలేదు. ఎండిన వాగులో పడి, గట్టెక్కి, దొడ్డి తడిక మీద దబ్బున పడింది. కొమ్ముల పోటుకు తడిక తెరుచుకుంది.

కంప అలాగే ఉంది. కొప్పులమ్మ నేల గీరుతోంది, పిల్లలు చుట్టూ కిచకిచమంటున్నాయి.

"ఏమైంది వదినా? పులి తరిమిందా?"

బొల్లక్క ఊపిరి అందాక ఉన్నదంతా చెప్పింది, ఏమీ దాచలేదు. పుల్లన్న విన్నాడు. కొప్పులమ్మ విన్నది. తిడుతుందనుకుంటే తిట్టలేదు. పిల్లల్ని ఒక్కొక్కటిగా రెక్కల కిందికి తీసుకుంది, అంతే. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది బొల్లక్కకు.

"కంత పూర్తిగా మూసేద్దాం అన్నా," అంది.

"మూస్తే ఇంకో కంత వెతుకుతాడు," అన్నాడు పుల్లన్న. "ఇవాళ నీ దుఃఖం దొరికింది. రేపు ఇంకొకరిది దొరుకుతుంది. అడిగిన కంత ఇద్దాం. కాకపోతే అడిగినట్టు బయటి నుంచి మాత్రమే."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి పని చేశారు. కంచె దళసరి కాబట్టి కంత చిన్న సొరంగంలా ఉంటుంది. బయటి మూతి ఓబులయ్య అడిగినంత వెడల్పు చేశారు. లోపలికి పోయేకొద్దీ ఇరుకు చేసుకుంటూ పోయి, లోపలి మూతిని పిల్లి మీసాలు పట్టేంత ఉంచారు. ఇక ముళ్లకొమ్మలు పేర్చేటప్పుడు మొనలన్నీ లోపలి వైపుకే వంచారు. చేపలు పట్టే బుట్ట అల్లిక కూడా ఇంతే. పోయేటప్పుడు మొనలు ఒరుసుకుని దారిస్తాయి, వెనక్కి రావాలంటే ఎదురు తిరుగుతాయి.

మర్నాడు మంద కదిలేటప్పుడు బొల్లక్క కావాలనే కాలు ఈడ్చుతూ కుంటింది. కాపరి చూసి, "నిన్న పరిగెత్తినందుకు ఇదే," అని వదిలేసిపోయాడు. రైతూ, కుక్కా చేలోకి పోయారు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు ఓబులయ్య వచ్చాడు.

"అక్కా, పిల్లి వచ్చిందా?"

"ఇంకా లేదు తమ్ముడూ. కంత మాత్రం నువ్వు చెప్పినట్టే, చెప్పిన మూలనే పెట్టా. కానీ అనుమానంగా ఉంది."

"ఏం అనుమానం?"

"సరిపోతుందో లేదోనని. తీరా వచ్చి, పట్టక వెనక్కి పోతే? కొలత ఇచ్చింది నువ్వు కదా, ఓసారి నువ్వే చూసి చెప్పరాదూ?"

ఓబులయ్య మూల దాకా పోయి వాసన చూశాడు. "మీ అన్న ఎక్కడ?"

"చావిట్లో. ఈ ఎండకు లేవలేడు."

గంప పక్కనే కొప్పులమ్మ పిల్లల్ని పిలుస్తోంది. లోపలి మూతికి సరిగ్గా ఎదురుగా, కిచకిచలు బయటికి బాగా వినపడేలా. ఆమెకు ఆ చోటు ఎవరూ చెప్పలేదు, తానే ఎంచుకుంది.

"నీ కోసం కాబట్టి చూస్తానక్కా," అన్నాడు ఓబులయ్య. "ఇంకొకరైతే చూడను."

తల పెట్టాడు. భుజాలు దూరాయి. ముళ్లు ఒంటిని రాసుకుంటూ మెత్తగా దారిచ్చాయి. ఇంకొంచెం ముందుకు పాకాడు. ముక్కు లోపలి మూతి దగ్గర తేలింది. అక్కడ ఆగింది.

"అక్కా, ఇక్కడ కొంచెం ఇరుకుగా ఉందే."

"పిల్లికి సరిపోతుందా?"

"పిల్లికి సరిపోతుంది కానీ..." కాళ్లు తన్నాడు. ముందుకు కదల్లేదు. వెనక్కి లాక్కున్నాడు. కంపంతా ఒక్కసారి ఒంట్లో దిగింది. "అమ్మా! అక్కా, పట్టుకుంది! కంప పట్టుకుంది!"

"పిల్లి కంత కదా తమ్ముడూ. నువ్వెందుకు పూర్తిగా దూరుతున్నావు? చూసి చెప్పమన్నా, అంతే కదా?"

చావిట్లో ముసలి ఒళ్లు కదిలింది. పుల్లన్న ముందు కాళ్లు మడిచి, వెనక కాళ్లు లేపి, నింపాదిగా నిలబడ్డాడు. నడిచి వచ్చి కంత ఎదురుగా ఆగాడు. ఆయన గిట్ట నక్క ముక్కుకు బెత్తెడు దూరంలో ఉంది.

"లేవలేడన్నావు!" అని మూలిగాడు ఓబులయ్య.

"ఎండకు లేవలేడన్నా," అంది బొల్లక్క. "నీకు లేస్తాడు."

"తప్పైపోయిందక్కా. నీ మీద జాలితోనే..."

"ఎద్దు పుండు కాకికి ముద్దా?" అన్నాడు పుల్లన్న. "నీ జాలి మాకు తెలిసింది."

అప్పుడు కొప్పులమ్మ ముందుకొచ్చింది. రెక్కలు విప్పి, జుట్టు నిక్కబొడిచి, ఆ ముక్కు మీద బలంకొద్దీ పొడిచింది. అతను కేక పెట్టాడు. ఇంకోసారి పొడిచింది. పుల్లన్న మెడ చాచి రంకె వేశాడు. ఆ రంకె శనగ చేను దాకా పోయింది. అవతల నుంచి కుక్క మొరగడం, ఆ మొరుగు దగ్గరవడం అందరికీ వినపడింది, ఓబులయ్యకు అందరికంటే బాగా.

ఇక అతను ముళ్లను లెక్కచెయ్యలేదు. ఒళ్లు ఒళ్లంతా వెనక్కి గుంజుకున్నాడు. భుజాల మీది బొచ్చు, వీపు మీది బొచ్చు, తోక మీది బొచ్చు కంచెకే వదిలేసి, బయటపడి గుట్ట వైపు పరిగెత్తాడు. కుక్క గుట్ట సగం దాకా తరిమి వచ్చింది.

ఆ సాయంత్రం కంతను అడుగు దాకా కంపతో నింపేశారు. అంతా అయ్యాక పుల్లన్న అడిగాడు, "పిల్లి సంగతి ఏం చేస్తావు చెల్లీ?"

"రేపు చెప్తా," అంది బొల్లక్క.

మర్నాడు గానుగ పాక వెనక్కి పోయింది. పసుపు కూన గడ్డానికి వేలాడింది. ఈసారి బొల్లక్కే దాన్ని నేల మీదికి దించింది.

"సుంకులమ్మా, నువ్వడిగినవి ఆలోచించా. ఇప్పుడు నా వల్ల కాదు. కోడిపిల్లలు నేల మీదున్నాయి, నేను కొండ మీదికి పోవాలి. నాకు ఎవరైనా ఒకరు కావాలి, నిజమే. దీనికి కావలసింది మాత్రం నేను ఇవ్వలేను."

ముసలి పిల్లి ఓదార్చలేదు, మెచ్చుకోలేదు. "సరే," అంది. కొన్నాళ్లకు పసుపు కూనను ఊళ్లో బట్టల కొట్టువాళ్లు తీసుకుపోయారు. బొల్లక్క ఆ సంగతి విని రెండు రోజులు మేత సరిగ్గా ముట్టలేదు. తర్వాత పొదుగు ఆరిపోయింది. తర్వాత మంద కొండెక్కింది.

వానలకు దిగి వచ్చేసరికి కొప్పులమ్మ పిల్లలు పుంజులూ పెట్టలూ అయి చావిడి దూలం మీద పడుకుంటున్నాయి. పంటలు వేశారు కాబట్టి మేకల్ని బయటికి వదలడం లేదు, పచ్చిమేత దొడ్డిలోకే తెచ్చి వేస్తున్నారు. బొల్లక్క కొప్పులమ్మ దగ్గరికి పోయి కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్నా. ఒక పిల్లి తెచ్చుకోనా?"

కొప్పులమ్మ దూలం మీది పిల్లల్ని చూసింది, తవుడు బస్తా చూసింది. "నా గంప దగ్గరికి వస్తే మాత్రం పొడుస్తా."

"పొడువు."

"నిన్ను కూడా పొడుస్తా."

"సరే."

ఓ వాన వెలిసిన పూట బొల్లక్క తడిక నెట్టుకుని గానుగ పాకకు పోయింది. సుంకులమ్మకు కొత్త ఈత. ఈసారి ఏమీ అడగలేదు. కూనల్లోంచి ఒకదాన్ని మెడ పట్టి తెచ్చి ముందు పెట్టింది. బూడిద రంగుది, ఒక చెవి చీలింది. అది బొల్లక్కను చూసి వీపు విల్లులా వంచి బుస్సుమంది.

"దీన్నెవరూ అడగలేదు. నీకు నచ్చకపోతే చెప్పు."

"నచ్చడానికి ఇంకా టైముంది," అంది బొల్లక్క. కూన ఆమె వీపెక్కి గోళ్లు దించింది. ఆమె మెల్లగా, గుంతలు తప్పించుకుంటూ ఇంటికి నడిచింది.

గుట్ట మీద ఓబులయ్యకు బొచ్చు మళ్లీ వచ్చింది కానీ భుజాల మీద మాత్రం రాలేదు. ఎవరైనా అడిగితే గజ్జి అని చెప్పేవాడు. ఆ మాట నమ్మిన నక్క ఒక్కటీ లేదు. కొత్తగా వచ్చిన నక్కలు దొడ్డి గురించి అడిగితే మాత్రం గంభీరంగా తల ఊపి, "ఆ ఇంటి జోలికి పోకండి. వాళ్లు పిల్లిని సాకుతారు," అనేవాడు.

నీతి: ఏదైనా తెచ్చుకునే ముందు దాన్ని సాకగలమో లేదో మనమే కొలుచుకోవాలి, ఆ కొలత పరాయివాడి చేతికిస్తే వాడు తన ఒంటికే కొలుచుకుంటాడు.